పాత జీపు క్లచ్: నట్టు తిప్పే ముందు చూడాల్సినవి

(తిరుపతిలో పాత జీపుల యజమానులు, మెకానిక్‌లు కలిసినప్పుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. కూర్చోండన్నా, ముందు వరసలో చోటుంది. కూర్చోండి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ జీపు క్లచ్ సతాయిస్తా ఉంది. షెడ్డుకు తీసుకుపోతారు. కింద పడుకున్న మనిషి మొట్టమొదట ఏం చేస్తాడు? పానా పెట్టి క్లచ్ కేబుల్ నట్టు తిప్పుతాడు. అవునా, కాదా? రెండు రోజులు బండి బాగుంటుంది. భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ షెడ్డు, మళ్లీ నట్టు. ఇంక తిప్పడానికి మరలు మిగలకపోతే అప్పుడు గేర్‌బాక్స్ దించుతారు.

క్లచ్ అడ్జస్ట్‌మెంట్ మొదట చేసే పని కాదు, ఆఖరున చేసే పని. ఈ మాట ఈ రోజు నాలుగైదుసార్లు అంటాను, విసుక్కోవద్దు. నట్టు తిప్పకముందు చూడాల్సినవి ఉన్నాయి. అవి చూడకుండా తిప్పితే జబ్బు కనపడకుండా పోతుంది గానీ, తగ్గదు.

నేను మాట్లాడేది ముఖ్యంగా విల్లీస్ డిజైన్ మీద వచ్చిన మహీంద్రా జీపుల గురించి. సీజే 3బీ, సీజే 340, ఆ కుటుంబమంతా. అందులోనూ రాడ్డుతోనో కేబుల్‌తోనో లాగే క్లచ్ ఉన్నవి. మారుతి జిప్సీ గురించి, నూనెతో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ గురించి ఆఖర్లో రవ్వంత చెప్తాను.

ముందు దారి గుర్తుపెట్టుకోండి. మీ కాలు పెడల్ తొక్కుతుంది. పెడల్ కింద ఒక లింకు. ఆ లింకు ఛాసిస్‌కూ, ఇంజన్ వెనక క్లచ్‌ని మూసి ఉండే బెల్ హౌసింగ్‌కూ మధ్య అడ్డంగా ఉండే గొట్టాన్ని తిప్పుతుంది. ఆ గొట్టానికి రెండు చివర్లా గుండు తల ఉన్న స్టడ్లు, వాటి మీదే అది తిరుగుతుంది. గొట్టం మీదున్న లివర్ కేబుల్‌ని లాగుతుంది, కేబుల్ బెల్ హౌసింగ్ లోపలికి పోయే ఫోర్క్ అనే లివర్‌ని లాగుతుంది. ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ని ముందుకు నెడుతుంది. బేరింగ్ పోయి, క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కు, అంటే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రానికి, అదిమిపెట్టే ప్రెషర్ ప్లేట్ మీదున్న మూడు వేళ్లను, అంటే చిన్న లివర్లను, నొక్కుతుంది. అప్పుడు క్లచ్ ప్లేట్ విడుదలవుతుంది. ఎన్ని కీళ్లున్నాయో లెక్కపెట్టారా? ప్రతి కీలూ అరుగుతుంది. ప్రతి కీలూ మీ కాలి కదలికలో రవ్వంత తినేస్తుంది.

ఇప్పుడు కొలత. కాలు పెడల్ మీద లేనప్పుడు బేరింగ్‌కూ ఆ మూడు వేళ్లకూ మధ్య సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఒకటిన్నర మిల్లీమీటర్లే. లివర్ల లెక్కలో అదే పెడల్ దగ్గరికి వచ్చేసరికి ఒక అంగుళం, 25 మిల్లీమీటర్లు అవుతుంది. కొన్ని మోడళ్లకు ఒకటిన్నర అంగుళం దాకా చెప్తారు. మీ బండి పుస్తకంలో ఏముంటే అదే మీకు ప్రమాణం. ఈ పెడల్ ఖాళీనే మనం ఫ్రీ ప్లే అంటాం.

ఇక్కడ చాలామంది తలకిందులుగా అనుకునేది ఒకటుంది. వినండి. క్లచ్ ప్లేట్ అరిగితే పెడల్ ప్లే పెరుగుతుందా, తగ్గుతుందా? చెప్పండి. పెరుగుతుందంటున్నారు. కాదన్నా. తగ్గుతుంది. ప్లేట్ పలచబడితే ప్రెషర్ ప్లేట్ ఫ్లైవీల్ దిక్కు జరుగుతుంది. అది ముందుకు పోతే వేళ్ల లోపలి చివర్లు వెనక్కి, అంటే బేరింగ్ దిక్కు వస్తాయి. ఖాళీ తగ్గుతుంది. చివరికి సున్నా అవుతుంది. అప్పుడు బేరింగ్ వేళ్లను ఎప్పుడూ నొక్కుతానే ఉంటుంది. మీ కాలు పెడల్ మీద లేకపోయినా సగం క్లచ్ తొక్కినట్టే. ప్లేట్ జారుతుంది, వేడెక్కుతుంది, ఇంకా తొందరగా అరుగుతుంది.

మరి ప్లే పెరిగిందంటే ఏమిటి? ప్లేట్ అరిగి పెరగలేదు. మధ్యలో ఏదో కీలు అరిగింది, లేదా కేబుల్ సాగింది, లేదా లివర్ వంగింది, లేదా నట్టు వదులైంది. ప్లే పెరిగిందని నట్టు బిగించేస్తే మీరు అరిగిన కీలును అట్లే వదిలేసినట్టు.

దీని మీద ఇంకొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే షెడ్లలో జాస్తి పొరపాటు జరిగేది ఇక్కడే. పెడల్ ప్లే రెండు రకాలు. ఒకటి నిజమైన ఖాళీ, అంటే బేరింగ్‌కూ వేళ్లకూ మధ్య ఉండేది. రెండోది దొంగ ఖాళీ, అంటే అరిగిన పిన్నుల్లో, ఓవల్ అయిన రంధ్రాల్లో, గుండు స్టడ్లలో ఉండేది. పైన స్కేలు పెట్టి కొలిస్తే రెండూ కలిసే కనబడతాయి. పెడల్ దగ్గర చక్కగా 25 మిల్లీమీటర్లుంది, కానీ అందులో అంతా దొంగ ఖాళీనే అనుకోండి. అప్పుడు కింద బేరింగ్ వేళ్లకు ఆనుకునే ఉంటుంది. ఫ్రీ ప్లే సరిగ్గానే ఉందే, మరి క్లచ్ ఎందుకు స్లిప్ అవుతోంది అని తల పట్టుకుంటారు. జవాబు అదే.

ఎట్లా కనిపెట్టాలి? పైన కొలవడం చాలదు, కింద కూడా చూడాలి. బండి చదునైన నేల మీద నిలపండి. ఇంజన్ ఆపండి. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. పాత జీపు హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు, దయచేసి. ఫోర్క్‌కు ఉన్న రిటర్న్ స్ప్రింగ్ విప్పండి. ఫోర్క్ బయటి కొసను చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిలించండి. సుమారు మూడు మిల్లీమీటర్లు అడ్డం లేకుండా కదలాలి, తర్వాత గట్టిగా ఆనాలి. ఆ ఆనడం బేరింగ్ వేళ్లను తాకడం. అసలు కదలకపోతే నిజమైన ఖాళీ లేదు. అంతే, ఇంక అనుమానం లేదు.

తర్వాత స్ప్రింగ్ తగిలించి, పైన ఒకరిని కూర్చోబెట్టండి. పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కమనండి. కాలితో కాదు, చేత్తో. కాలికి ఖాళీ ఎక్కడ అయిపోయిందో తెలియదు. మీరు కింద నుంచి చూస్తా ఉండండి: పెడల్ కదిలినప్పుడు లింకు వెంటనే కదిలిందా? లింకు కదిలితే గొట్టం తిరిగిందా? గొట్టం తిరిగే ముందు పక్కకో పైకో ఎగిరిందా? ఎగిరితే గుండు స్టడ్లు అరిగినట్టే. పిన్ను రంధ్రంలో ఎగురుతుంటే రంధ్రం ఓవల్ అయినట్టు. పిన్ను ఒక్కటి మార్చి లాభం లేదు. రంధ్రం పెద్దది చేసి బుష్ కొట్టండి, లేదా లివర్ మార్చండి.

గొట్టం రెండు చివర్లా ఆ స్టడ్లకు దుమ్ము పోకుండా సీల్ ఉంటుంది, గ్రీజు ఉండాలి. మన బండ్లు ఎక్కడ తిరుగుతాయి? తలకోన దారి, మామిడి తోటలు, చెరువు కట్టలు, వంకలు. వానాకాలంలో ఎర్ర మట్టి, ఎండాకాలంలో దుమ్ము. సీల్ పోయిన స్టడ్డులో ఆ మట్టి, గ్రీజూ కలిస్తే అది రుబ్బుడు పేస్టే. వంక దాటి వచ్చిన తర్వాత ఒకసారి కడిగి గ్రీజు పెట్టించడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

ఇంకోటి, చాలా చిన్నది. పాత జీపుల్లో పెడల్ కాడ ఫ్లోర్ రేకులోని గాటులోంచి కిందికి పోతుంది. అక్కడ మట్టి గడ్డకట్టినా, రబ్బరు మ్యాట్ అడ్డమొచ్చినా పెడల్ పూర్తిగా పైకి రాదు. రిటర్న్ స్ప్రింగ్ సాగిపోయినా అంతే. పెడల్ పైకి రాకపోతే బేరింగ్ వేళ్ల మీదే ఉండిపోతుంది. క్లచ్ స్లిప్ అని గేర్‌బాక్స్ దించే ముందు ఆ గాటు చూడండి.

ఇంజన్ కదిలితే క్లచ్ ఎట్లా నిలుస్తుంది?

ఇది వినడానికి సంబంధం లేనట్టు ఉంటుంది. అడ్డ గొట్టం ఒక చివర ఛాసిస్ మీద, ఇంకో చివర బెల్ హౌసింగ్ మీద ఉందన్నాను కదా. ఛాసిస్ కదలదు. బెల్ హౌసింగ్ ఇంజన్‌తో పాటు కదులుతుంది. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చితికిపోతే, మీరు క్లచ్ తొక్కినప్పుడల్లా ఇంజన్ కూడా జరుగుతుంది. జరిగితే మీ కాలి కదలిక కొంత ఇంజన్ జరపడానికే పోతుంది. క్లచ్ వదిలేటప్పుడు ఇంజన్ ఊగుతుంది, ఊగినప్పుడు కేబుల్ లాగుతుంది, వదులుతుంది, లాగుతుంది, వదులుతుంది. బండి ఎత్తుకునేటప్పుడు దడదడమని అదురుతుంది. ప్లేట్ మార్చినా అదురుడు పోదు, ఎందుకంటే తప్పు ప్లేట్‌ది కాదు.

పాత విల్లీస్ తరహా జీపుల్లో ఇంజన్ స్టే కేబుల్ అని ఒకటి ఉండేది. ఇంజన్ వెనక భాగం నుంచి ఛాసిస్ అడ్డ పట్టీకి, అంటే క్రాస్ మెంబర్‌కు, కట్టి ఉంటుంది. క్లచ్ తొక్కినప్పుడు ఇంజన్ ముందుకు జరగకుండా పట్టుకోవడమే దాని పని. చాలా బండ్లలో ఎవరో ఎప్పుడో విప్పేసి పారేశారు. మీ బండికి ఆ కేబుల్ తగిలించే చోటు ఉండి, కేబుల్ లేకపోతే వేయించండి. వదులుగా వేలాడకూడదు, ఇంజన్‌ని లాగేంత బిగువూ ఉండకూడదు. వదులు పోయేంతవరకే.

మౌంటింగ్ ఎట్లా చూడాలి? ఒకరు క్లచ్ తొక్కి వదులుతా ఉంటే మీరు బానెట్ తీసి ఇంజన్‌ని చూడండి. కంటికి కనపడేట్టు ముందుకు జరుగుతోందా? అయితే ముందు రబ్బర్లు, తర్వాత క్లచ్.

సరే. కీళ్లు సరిచేశారు, పెడల్ పూర్తిగా పైకి వస్తోంది, ఇంజన్ కదలడం లేదు. ఇప్పుడు నట్టు తిప్పొచ్చు. మళ్లీ అంటున్నాను, ఇప్పుడు. ముందు లాక్ నట్ వదులు చేయండి. మర ఉన్న చివరను ఒక పానాతో గట్టిగా పట్టుకుని, అడ్జస్టింగ్ నట్టు ఇంకో పానాతో తిప్పండి. పట్టుకోకపోతే కేబుల్ మెలి తిరుగుతుంది, మెలి తిరిగిన తీగలు ఒక్కొక్కటీ తెగుతాయి. ఒక్కసారికి అర చుట్టు. అర చుట్టు తిప్పి ఫోర్క్ కదిలించి చూడండి, పెడల్ దగ్గర కొలవండి. కేబుల్ పొట్టి అయితే ప్లే తగ్గుతుంది, పొడుగైతే ప్లే పెరుగుతుంది. కొలత కుదిరాక లాక్ నట్ బిగించి మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు కొలత కదులుతుంది కాబట్టి.

కొందరు డ్రైవర్లు పెడల్ రవ్వంత తొక్కగానే క్లచ్ విడవాలి, అట్లయితే కాలికి సుఖం అంటారు. సుఖం కోసం ప్లే సున్నా చేయించుకుంటారు. అది ప్లేట్‌ని చంపుకోవడం. చేయొద్దు.

సరిచేశాక పరీక్ష రెండు. మొదటిది, విడుదల సరిగ్గా ఉందా? ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పెడల్ పూర్తిగా తొక్కండి. పది సెకన్లు ఆగండి. రివర్స్ వేయండి. ఎందుకు రివర్సే? దానికి సింక్రో, అంటే గేరు పళ్ల వేగం కలిపే ఏర్పాటు, లేదు, అది దాచిపెట్టదు. పది సెకన్ల తర్వాత కూడా కరకరమంటే ప్లేట్ పూర్తిగా విడవడం లేదు.

రెండోది, పట్టు సరిగ్గా ఉందా? చక్రాలకు దిమ్మెలు పెట్టండి. ముందు ఎవరూ నిలబడొద్దు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేయండి. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేక్ ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు వెనక చక్రాలకు లాగుడు పంచే పెట్టె, దాని వెనక షాఫ్ట్ మీద ఉంటుంది. ఫ్రంట్ ఆక్సిల్ కూడా కలిపితే, ముందు చక్రాల హబ్బులు లాక్ అయి ఉంటే, అది నాలుగు చక్రాలనూ పట్టుకుంటుంది. ఇప్పుడు టాప్ గేరు వేసి, రవ్వంత యాక్సిలేటర్ ఇచ్చి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతా ఉంటే క్లచ్ జారుతోంది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదే పదే చేస్తే బాగున్న ప్లేట్ కూడా కాలుతుంది.

అడ్జస్ట్‌మెంట్‌తో పోని జబ్బులు

ప్లే సరిగ్గా ఉంది, కీళ్లు బాగున్నాయి, అయినా జారుతోంది. అప్పుడు నూనె. బెల్ హౌసింగ్ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది, చూడండి. అక్కడ నూనె చుక్క ఉందా? వేలితో తీసి వాసన చూడండి. నల్లగా, పలచగా ఉంటే ఇంజన్ ఆయిల్. అంటే క్రాంక్ వెనక సీల్ పోయింది. చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే గేర్ ఆయిల్. అంటే గేర్‌బాక్స్ ముందు నుంచి కారుతోంది. ఏది కారుతోందో తెలుసుకోకుండా ప్లేట్ మారిస్తే కొత్త ప్లేట్ కూడా నూనెలో మునుగుతుంది. నూనె తాగిన ప్లేట్‌ని పెట్రోల్‌తో కడిగి వేసుకోవడం మన దగ్గర మామూలే. లైనింగ్ లోపలికి దిగిన నూనె వేడికి మళ్లీ బయటికి వస్తుంది. పెట్టొద్దు.

కొన్ని జీపుల్లో వంక దాటేటప్పుడు ఆ రంధ్రం మూయడానికి ప్లగ్ ఉంటుంది. నీళ్లు దాటాక తీసేయాలి. తీయకపోతే కారిన నూనె లోపలే నిలిచి ప్లేట్ మీద పడుతుంది, మీకు కనపడదు కూడా.

ఇక విడవని జబ్బు. బండి వానాకాలమంతా షెడ్డులో నిలబడి ఉంటే ప్లేట్ తుప్పుతో ఫ్లైవీల్‌కు అంటుకుంటుంది. లేదా ప్లేట్ నడిమి హబ్ గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద జరగదు. అప్పుడు నట్టు ఎంత తిప్పినా లాభం లేదు. ఇంకోటి పైలట్ బుష్. క్రాంక్ చివర కూర్చునే చిన్న కంచు బుష్. షాఫ్ట్ ముందు కొస అందులో తిరుగుతుంది. అది ఎండిపోయి పట్టేస్తే, ప్లేట్ విడిచినా షాఫ్ట్ తిరుగుతానే ఉంటుంది. గేరు వేస్తే కరకర. కొత్త బుష్ వేసేటప్పుడు నూనెలో నానబెట్టి వేయండి. గ్రీజు ముద్ద నింపొద్దు, అది వేడికి చిమ్మి ప్లేట్ మీద పడుతుంది. రిలీజ్ బేరింగ్ విషయంలో ఇంకోరకం తప్పు చేస్తారు: డీజిల్‌లో కడుగుతారు. సీల్ చేసిన బేరింగ్ లోపలి గ్రీజు కడిగేస్తే ఇంక అది ఎన్నాళ్లు బతుకుతుంది?

గేర్‌బాక్స్ దించినప్పుడు పాత సామాను, కొత్త సామాను బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. ప్లేట్ వ్యాసం, షాఫ్ట్ మీద కూర్చునే పళ్లు (స్ప్లైన్లు), బేరింగ్ ఎత్తు, అన్నీ. మన జీపుల్లో ఇంజన్లు మారి ఉంటాయి, గేర్‌బాక్స్‌లు మారి ఉంటాయి, ఒక మోడల్ సామాను ఇంకో మోడల్‌కు కూర్చునేట్టు ఉంటుంది గానీ కొలత తేడా ఉంటుంది. బేరింగ్ మూడు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటే నట్టు చివరి దాకా తిప్పినా క్లచ్ విడవదు. ప్లేట్ తిరగేసి వేసినా అంతే. ప్లేట్ నడుమ ఉండే డాంపర్ స్ప్రింగులు ఉబ్బిన వైపు సాధారణంగా గేర్‌బాక్స్ దిక్కు రావాలి. అనుమానంగా ఉంటే బిగించే ముందు ప్లేట్‌ని ఫ్లైవీల్‌కు ఆనించి చూడండి, హబ్ బోల్టులకు తగలకూడదు. ఫ్లైవీల్ లేత్ మీద బాగా కోయించి ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. ఎంత కోస్తే అంత ముందుకు పోతుంది క్లచ్ మొత్తం, బేరింగ్ అంత దూరం జాస్తి నడవాలి.

మూడు వేళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటే ప్రెషర్ ప్లేట్ ఏటవాలుగా లేస్తుంది. ఒక పక్క విడుస్తుంది, ఒక పక్క విడవదు. బండి అదురుతుంది, గేరూ పడదు. అది బల్ల మీద గేజితో సరిచేసే పని, బండి కింద పడుకుని చేసేది కాదు.

ఒక జాగ్రత్త. పాత ప్లేట్ల లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బెల్ హౌసింగ్ విప్పి కంప్రెసర్ గాలి కొట్టొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడి గుడ్డతో తుడవండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. షెడ్డులో పనిచేసే చిన్న పిల్లగాళ్లకు ఈ మాట మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు.

చప్పుడు గురించి రెండు మాటలు. పెడల్ తొక్కితే వచ్చి, వదిలితే పోయే చప్పుడు రిలీజ్ బేరింగ్‌ది. న్యూట్రల్‌లో వస్తా ఉండి, తొక్కితే పోయే చప్పుడు గేర్‌బాక్స్ ముందు బేరింగ్‌ది. దానికి క్లచ్‌తో సంబంధం లేదు.

జిప్సీలో కేబుల్ నేరుగా పెడల్ నుంచి గేర్‌బాక్స్ పక్కనున్న లివర్‌కు వస్తుంది, మధ్యలో గొట్టం లేదు. కీళ్లు తక్కువ, అందుకని దొంగ ఖాళీ కూడా తక్కువ. లివర్ కొస దగ్గర 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఖాళీ చూసుకోండి. అక్కడ చూడాల్సింది కేబుల్‌నే. కేబుల్ పైతొడుగు, అంటే ఔటర్, సైలెన్సర్ పైపుకు దగ్గరగా ఉండి కరిగిందా, ఔటర్ ఆనుకునే చోట రేకు వంగిందా చూడండి. పెడల్ బరువైతే కేబుల్ అయిపోయిందని అర్థం, బిగించొద్దు, మార్చండి.

హైడ్రాలిక్ ఉంటే: పెడల్ రెండు మూడుసార్లు కొడితే క్లచ్ బాగా విడుస్తోందా? అయితే లోపల గాలి ఉంది, లేదా సిలిండర్ రబ్బర్లు పోయాయి. రాడ్డు పొడుగు చేసి సరిపెట్టొద్దు. అది కూడా నట్టు తిప్పడమే.

వెనక నుంచి అన్న ఏదో అడుగుతున్నారు. గట్టిగా చెప్పండన్నా. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే జారుతోంది, చదునులో బాగుంది అంటున్నారు. అది మంచి ప్రశ్న. చదునులో లోడు తక్కువ, పట్టు సగమున్నా తెలియదు. ఘాట్‌లో తెలుస్తుంది. అంటే ఇప్పుడే మొదలైందన్నమాట, ఇప్పుడే చూసుకుంటే ప్రెషర్ ప్లేట్, ఫ్లైవీల్ మిగులుతాయి. ముందు ఫోర్క్ కదిలించి చూడండి. ఖాళీ లేకపోతే ఖాళీ ఇవ్వండి. ఖాళీ ఇచ్చాక జారడం ఆగితే, అడ్జస్టింగ్ మరలు ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకోండి. మూడు నాలుగే మిగిలితే ప్లేట్ చివరికొచ్చింది, సామాను తెప్పించి పెట్టుకోండి. ఖాళీ ఉండీ జారుతుంటే అడుగు రంధ్రం దగ్గర నూనె చూడండి.

ఇంకో మాట కూడా అన్నా. ఎత్తులో బండి నిలపాల్సి వస్తే సగం క్లచ్ మీద నిలపొద్దు, బ్రేక్ వేయండి. మట్టి గట్టు, రాళ్ల దారి అయితే లో రేషియో వేయండి. ఈ జీపుల ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేషియో సుమారు 2.46. ఇంజన్ లాగే లాగుడు చక్రాల దగ్గర దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, కదలడానికి క్లచ్‌ని అంతసేపు జార్చే పని ఉండదు. తారు రోడ్డు మీద మాత్రం ఫ్రంట్ ఆక్సిల్ కలిపి నడపొద్దు.

కొత్త ప్లేట్ వేశాక ఎప్పుడు చూడాలని ఈ తమ్ముడు అడుగుతున్నాడు. లైనింగ్ కూర్చునేటప్పుడు ప్లే తొందరగా తగ్గుతుంది. 500 కిలోమీటర్లు నడిచాక ఒకసారి ఫోర్క్ దగ్గర చూడు. తర్వాత ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడల్లా చూడు. చూసిన కొలత, మిగిలిన మరలు ఎన్నో, ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. ప్లే ఎంత వేగంగా తగ్గుతోందో తెలిస్తే ప్లేట్ ఎప్పుడు మార్చాలో నీకే తెలుస్తుంది.

బయట జీపు నిలిపి ఉంది, చక్రాలకు దిమ్మెలు పెట్టే ఉన్నాయి. నలుగురు నలుగురుగా రండి. ఫోర్క్ స్ప్రింగ్ విప్పి, ఆ మూడు మిల్లీమీటర్లు చేతికి ఎట్లా తెలుస్తాయో ఒక్కొక్కరూ పట్టుకుని చూద్దురు.